మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

ఈ సంగతి ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, మావయ్యకి అసలే చెప్పలేదు. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసుకునే అలవాటు నాకుంది. అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "బండారులంక వెళ్ళాం. మనిషి బతికాడు" అన్న రెండు ముక్కలే ఉంటాయి.

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. నలుగురిలో నోరు విప్పాలంటే బెదిరిపోయే పిల్లనే గాని, చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళడానికి ఏనాడూ జంకలేదు. నా భయమంతా బతికున్న మనుషులంటేనే. ఇప్పుడు నేను డాక్టర్ని. మనుషులు పోవడం దగ్గరుండి చూస్తూనే ఉన్నాను. పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనొద్దు. ఏమనాలో నాకూ తెలియదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నా తోటి డాక్టర్లు ముందుగా నవ్వుతారని కూడా తెలుసు. నేను విన్నది విన్నాను. అది వెనక్కి తీసుకోను.

మా మావయ్య అమలాపురంలో డాక్టరు. అమ్మకి తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తూర్పు సరిహద్దున మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసి, యుద్ధం అయిపోయాక తిరిగొచ్చి కాలవగట్టు మీద డిస్పెన్సరీ పెట్టాడు. జ్వరాలకీ, కురుపులకీ అందరిలాగే మందులిచ్చేవాడు. కాని ఆయన ధ్యాసంతా ఒక్కదాని మీదే ఉండేది. ఆగిన గుండెని మళ్ళీ నడిపించాలి. ఊపిరి నిలిచిపోయిన సిపాయి రొమ్ము కోసి, ఒక సర్జను అతని గుండెని పిడికిట్లో పట్టుకుని పిసికి బతికించడం తను కళ్ళారా చూశానని చెప్పేవాడు. "ఆగిన గుండె వేరు, చచ్చిన గుండె వేరే అమ్మడూ. గోడగడియారం ఆగితే కాలవలో పారేస్తావా?" అనేవాడు.

ఆ రోజుల్లో మా వైపు ఆ మాట వినేవాళ్ళెవరు? కాలవలో పడ్డ మనిషిని బయటికి తీస్తే ఉప్పురాశిలో కప్పేవారు, లేదా కుమ్మరి సారె మీద వేసి తిప్పేవారు. మావయ్య ఆ జనాన్ని నెట్టుకుంటూ వెళ్ళి, మనిషిని బోర్లా పడుకోబెట్టి, వీపు నొక్కుతూ వదులుతూ ఎంతసేపైనా కూర్చునేవాడు. కొందరు బతికారు. బతకనివాళ్ళే ఎక్కువ. అది దాచను. అయినా కబురు వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఊళ్ళో ఆయనకి "యముడి బావమరిది" అని పేరు పెట్టారు. సైకిలు మీద వెళ్తుంటే కాఫీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు అడిగేవారు.

"ఏవండీ డాక్టరుగారూ, బావగారు ఎక్కడ దిగేరండీ ఇవాళ?"

"మీ ఇంటికే బయల్దేరేరటండీ. నేనొచ్చేదాకా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి," అని సైకిలు ఆపకుండానే జవాబు చెప్పేవాడు మావయ్య.

మా నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉండేవాళ్ళం. నేను ఇంటరు పాసయ్యాను. డాక్టరు చదువుకి దరఖాస్తు పెట్టమని మావయ్య పోరు. అక్కడ అందరి ముందూ నిలబడి నోటితో జవాబులు చెప్పాలని ఎవరో అన్నారు. ఆ మాటకే నాకు చేతులు చల్లబడ్డాయి. ఇంట్లో ఉండి లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటాను, డిస్పెన్సరీలో సూదులు మరగబెడతాను, అంతకంటే నన్నేమీ అడగొద్దన్నాను. మావయ్య అడగడం మానలేదు. మానకుండానే గుండె చప్పుడు వినడం నేర్పేశాడు.

ఆయనకో పట్టుదల ఉండేది. "లేదు" అనే మాట ఒక్కరి చెవిని నమ్మి చెప్పకూడదంటాడు. ఎంత ఖాయంగా తెలిసినా, తను విన్నాక స్టెతస్కోపు తీసి నాకిచ్చేవాడు. "ఇంకోసారి చూడవే" అనేవాడు. నేను వినేదాన్ని. తల అడ్డంగా ఊపేదాన్ని. అప్పుడు లేచి చేతులు కడుక్కునేవాడు. ఇలా ఎన్ని ఇళ్ళల్లో తల ఊపానో! నేను తల నిలువుగా ఊపిన రోజు ఒక్కటీ లేదు. ఆ పని నాకు ఒళ్ళంతా కంపరంగా ఉండేది. వింటున్నంతసేపూ ఆ ఇంటివాళ్ళ చూపులన్నీ నా మొహం మీదే ఉండేవి.

ఆ స్టెతస్కోపు యుద్ధం నుంచి తెచ్చుకున్నది. ఇంకోటి లేదు. ఆ ఏడు ఎండలకి దాని రబ్బరు గొట్టాలు పెళుసెక్కి పగిలిపోయాయి. రాజమండ్రి నుంచి కొత్తవి వచ్చేదాకా రొమ్ము మీద తువ్వాలు వేసి చెవి ఆనించి వినేవాడు. లోహపు ముక్కలన్నీ విడదీసి డిస్పెన్సరీ కిటికీ గూట్లో పెట్టాడు. వారాల తరబడి అవి అక్కడే ఉన్నాయి.

కొత్త గొట్టాలు వచ్చిన రోజునే బండారులంక నుంచి మనిషి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. వానలు వెనకబట్టి ఎండ తేటగా కాస్తోంది. వచ్చినవాడు అరుగు కింద నిలబడే చెప్పాడు.

"మా బావ మగ్గం మీదే ఒరిగిపోయేడండి. పొద్దుట్నించి రెండుమాట్లు ఇలాగే పడ్డాడండి. మళ్ళీ తేరుకున్నాడండి. ఈమాటు తేరుకోటం లేదండి."

జట్కా పిలిచి బయల్దేరాం. దారి పొడుగునా మావయ్య ఆ కుదుపుల్లోనే స్టెతస్కోపు కూర్చాడు. కొత్త రబ్బరు బిరుసుగా ఉంది. నోటితో తడి చేసుకుని లోహపు గొట్టం మీదికి బలవంతంగా ఎక్కించాడు. గొట్టం లోపలికి చూడలేదు. చూడాలని ఎవరికి తోస్తుంది?

బండారులంక వెళ్ళినవాళ్ళకి తెలుసు. ఊరింకా కనబడకముందే వినబడుతుంది. కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికే మగ్గాల చప్పుడు వానలాగా మొదలవుతుంది. ఆ రోజు వంతెన దాటినా చెట్ల మీద పిట్టలు తప్ప ఏమీ వినబడలేదు. వాళ్ళ వీధిలో ఒక ఇంట్లో మనిషి పోతే, మనిషిని వీధి దాటించేవరకు మిగతా ఇళ్ళల్లో ఎవరూ మగ్గం మీద కూర్చోరు. జట్కా అతను మా వైపు తిరిగి కళ్ళెం బిగబట్టాడు.

"మగ్గాలు ఆగిపోయేయండి బాబుగారూ. ఇంక మనం ఎల్లి మాత్రం..."

"మగ్గాలు ఆపమని నేను చెప్పేనా? నువ్వు తోలు," అన్నాడు మావయ్య.

పడినవాడి పేరు వెంకన్న. నలభై అయిదు దాటి ఉండవు. ముందు గదిలో నేలలో గొయ్యి తవ్వి పాతిన మగ్గాలు మూడు ఉన్నాయి. మధ్యదాని మీద సగం నేసిన చీర. ఆ మగ్గం పక్కనే చాప మీద పడుకోబెట్టారు. మొహం బూడిద రంగులో ఉంది. భార్య లక్ష్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చాప నాలుగు మూలలా నలుగురు మనుషులు ఎత్తడానికి సిద్ధంగా వంగి ఉన్నారు.

వీధికి పెద్ద కాంతయ్యగారు చేతులు జోడించి ఎదురొచ్చాడు. లక్ష్మమ్మకి వరసకి బాబయ్య.

"మీరు రావటం మా అదృష్టవండి. కానండీ, ఇవాళ ధనిష్ఠండి. బయటికి దింపేత్తన్నాం. అరుగవతల చూద్దురుగాని."

ధనిష్ఠ మొదలు అయిదు నక్షత్రాల్లో ఎవరైనా ఇంట్లో పోతే, ఆ ఇల్లు ఆరేసి నెలలు మూసెయ్యాలి. దీపం కూడా పెట్టకూడదు. అందుకని ప్రాణం పోయేలోగా మనిషిని బయటికి మోస్తారు. వేరే ఇళ్ళవాళ్ళైతే సామాను పట్టుకుని చుట్టాలింటికి పోతారు. నేలలో పాతిన మగ్గాలని ఎక్కడికి పట్టుకుపోతారు? ఇల్లు మూస్తే మూడు మగ్గాలూ మూతే, ఆ ఇంటి తిండీ మూతే. కాంతయ్యగారు చెడ్డవాడు కాదు.

"కదిపితే పోతాడండీ," అన్నాడు మావయ్య.

"కదపకపోతే ఉంటాడాండి?"

మావయ్య అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాడు.

"యవుడు మీకు చుట్టవండి, మాక్కాదు. ఆయనొచ్చి ఎల్లిపోతే ఇల్లు మూసుకోవలసింది మేవండి," అన్నాడు కాంతయ్యగారు. తరవాత మెత్తబడి, "సరే, చూడండి. లేదని మాత్రం మీ నోటంట ఇక్కడ అనకండి. అనాలనిపిస్తే నాకేసి చూడండి చాలు. మోసుకుపోతాం," అన్నాడు.

మావయ్య విన్నాడు. స్టెతస్కోపు జరిపి జరిపి విన్నాడు. మణికట్టులో ఏమీ లేదు. మెడ దగ్గర ఏమీ లేదు. అప్పుడు పిడికిలి బిగించి రొమ్ము మీద గుద్దాడు. కొన్ని రకాల గుండె జబ్బుల్లో అలా గుద్దితే ఆగిన గుండె కదులుతుందని ఆయన ఎక్కడో చదివాడు. నాకు తెలుసు. చూసేవాళ్ళకేం తెలుసు? గుమ్మంలో ఒక ముసలమ్మ కేక పెట్టింది. "పోయే మనిషిని కొడతావేంటయ్యా! నీ చేతులు పడిపోను!"

మావయ్య ఆగలేదు. ఎడ్రినలిన్ ఇంజక్షను చేశాడు. చేతులు తల మీదుగా ఎత్తి దించుతూ ఊపిరాడించాడు. మళ్ళీ గుద్దాడు, మళ్ళీ విన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చివరికి చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆ మొహం నాకు తెలిసిన మొహమే. చాలా ఇళ్ళల్లో చూశాను. ఈసారి "ఇంకోసారి చూడవే" అని కూడా అనలేదు. అలవాటు కొద్దీ చెయ్యి మాత్రం నా వైపు చాచాడు.

నేను తీసుకుని చెవుల్లో పెట్టుకున్నాను. ఇక్కడి నుంచి నేను రాసేది ఒక్క ముక్క కూడా పెంచి రాయడం లేదు.

మొదట ఏమీ లేదు. చెవుల్లో దూది పెట్టినట్టుంది. ఆ తరవాత దూరంగా, ఒక చప్పుడు. వెంటనే ఇంకోటి. కాసేపు ఆగింది. ఆ ఆగినచోట కర్ర మీద కర్ర ఒరుసుకున్నట్టు సన్నగా కిర్రుమంది. మళ్ళీ రెండు చప్పుళ్ళు. మళ్ళీ ఆగింది. మళ్ళీ కిర్రు.

మావయ్యకి తెలియాలి కదా. కుడిచేతి వేలితో నేల మీద కొట్టి చూపించాను. రెండు. ఆగి. రెండు. ఆగి.

లక్ష్మమ్మ తలెత్తింది.

"ఇది మీకెవరు చెప్పేరండి అమ్మాయిగారూ?"

నేను వేలు ఆపలేదు.

"ఇది మా ఆయన దెబ్బండి," అంది. "రెండు దెబ్బలేసి ఆగుతాడండి. కుడికాలు చిన్నప్పట్నించి ఊనదండి, తొక్కటానికి ఆలీసెం. ఇంత వీధిలో ఇలా నేసేవోళ్ళు ఇంకోళ్ళు లేరండి. పెరట్లో కండెలకి నూలు చుట్టుకుంటా ఈ చప్పుడు బట్టే కదండీ, నూలు అయిపోవచ్చిందని లోపలికొచ్చేది నేను."

చాప మూలల దగ్గర నలుగురూ ఎత్తడానికి చేతులు దూర్చారు. కాంతయ్యగారు మావయ్య మొహం చూశాడు. చూసింది అర్థం చేసుకున్నాడు. అప్పుడు నేను అరిచాను. అది నా గొంతేనని నాకే తెలియలేదు.

"ఉంది! ఎవరూ ముట్టుకోకండి. గుండె ఉంది!"

పుట్టి బుద్ధెరిగాక పదిమందిలో నేను గొంతెత్తడం అదే మొదలు.

"అమ్మాయిగారు చిన్నపిల్ల, ఏదో..." అన్నాడు కాంతయ్యగారు.

"సెయ్యి తీయించండి బాబయ్యగారూ," అంది లక్ష్మమ్మ. కేకలేయలేదు. మొగుడి పాదాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఇల్లు మూసుకోవాలంటే మూసుకుంటాను. కూలికెల్తాను. ఆయన్ని కదపనివ్వను."

మావయ్య నా చెవుల్లోంచి స్టెతస్కోపు తీసుకోలేదు. మళ్ళీ వినలేదు. నా వేలు చూస్తూ, నా వేలు పడినప్పుడల్లా రొమ్ము మీద గుద్దాడు. నేను వింటూ కొట్టాను. ఆయన చూస్తూ గుద్దాడు. ఎంతసేపో చెప్పలేను. నా వేలి గోరు చిట్లి నెత్తురు వచ్చిందని తరవాత చూసుకున్నాను.

వెంకన్న గొంతులో గురక లాంటిది వచ్చింది. మావయ్య మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "కొట్టుకుంటోంది" అన్నాడు. నేను చెవుల్లోంచి స్టెతస్కోపు తీశాను. కాసేపటికి వెంకన్న కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు, భార్యని చూశాడు. మంచినీళ్ళు అడిగాడు.

కాంతయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళాడు. "ఏంట్రా చూత్తన్నారు? బతికున్న మనిషికి మగ్గాలాపుతారేంట్రా! నెయ్యండెహే!" అని ఆయన వేసిన కేక లోపలికి వినబడింది. ఒక ఇంట్లో మొదలైంది, తరవాత ఎదురింట్లో. మేం జట్కా ఎక్కేసరికి వీధి వీధంతా మోగుతోంది.

దారిలో మావయ్య చిన్నపిల్లాడిలా అయిపోయాడు. గుండెలో పైగదికీ కిందిగదికీ మధ్య కబురు అందక అడుగులు తప్పే జబ్బు ఒకటుందనీ, రెండు కొట్టి ఒకటి మింగేస్తుందనీ, నేను విన్నది సరిగ్గా అదేననీ చెప్పాడు. లక్ష్మమ్మ మాట గురించి అడిగితే, "భయంలో ఆడకూతురికి ఏదో తోచింది, తోచి మంచే చేసింది," అన్నాడు.

"గుండె కిర్రుమంటుందా మావయ్యా?"

"వాల్వు చెడితే నానా చప్పుళ్ళూ చేస్తుంది. నా చెవికి చిక్కనిది నీ చెవికి చిక్కిందే! ఇంక చదవనంటే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడు.

ఇంటికొచ్చాక సాయంత్రం ఎప్పటిలాగే సామాను తుడవడానికి కూర్చున్నాను. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. నా గుండె ఎలా ఉంటుందో విందామని స్టెతస్కోపు పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. జరిపి చూశాను. లేదు. లేచి వెళ్ళి గోడగడియారానికి ఆనించాను. వేలితో బిళ్ళ మీద గోకాను. లేదు. రాతిగోడకి చెవి ఆనించినట్టుంది.

కొత్త గొట్టం ఊడదీశాను. లోపలి లోహపు గొట్టం నిండా మట్టి ఉంది. కందిరీగ లాంటి నల్ల పురుగు కిటికీ గూళ్ళల్లో, తాళం చెవి కన్నాల్లో మట్టితో గూడు కడుతుంది. మా వైపు కుమ్మరి పురుగంటారు. వారాల తరబడి గూట్లో పడి ఉన్న ఆ గొట్టాన్ని అది ఇల్లు చేసుకుంది. మట్టి ఎండి రాయిలా ఉంది. తలసూదితో పొడిచి పొడిచి తీశాను. పొరలు పొరలుగా వచ్చింది. పొరల మధ్య చిన్న ఆకుపచ్చ గొంగళిపురుగులు ఉన్నాయి. ఆ పురుగు తన పిల్లలకి తిండిగా వాటిని కుట్టి దాచిపెడుతుంది. చచ్చినవేననుకున్నాను. సూదిమొనతో ముట్టుకుంటే ఒకటి మెల్లగా మెలిక తిరిగింది.

మట్టంతా తీసి, గొట్టం కడిగి, మళ్ళీ కూర్చి, నా రొమ్ము మీద పెట్టుకున్నాను. నా గుండె దడదడా వినబడింది. ఒక్క దెబ్బా తప్పకుండా, గబగబా.

ఆ పళంగా ఉత్త కాళ్ళతో పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. మావయ్యకి ఏమీ వినబడకపోవడంలో వింత లేదు. ఆ గొట్టంలోంచి ఎవరికీ ఏమీ వినబడదు. మరి నేను విన్నదేమిటి?

నా నాడే నా చెవుల్లో కొట్టుకుందని మీరంటారు. నేనూ అదే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. ఆ గదిలో నా గుండె అలా ఆగి ఆగి కొట్టుకుని ఉంటే, నేను కూడా చాప మీదే ఉండేదాన్ని. పక్కింటి మగ్గం అనడానికి వీల్లేదు, వీధిలో ఒక్కటీ ఆడలేదు. అంతకు ముందు నేను ఆ ఇంటికి వెళ్ళలేదు, వెంకన్న నేయగా వినలేదు. మట్టి ఆ తరవాత చేరింది కాదు. అంత గూడు కట్టడానికి పురుక్కి రోజులు పడుతుంది.

మావయ్యకి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. తను "లేదు" అనుకున్నది మట్టి పూడిన గొట్టంతో విని అని తెలిస్తే, ఆయన ఆ ఒక్కరోజుతో ఆగేవాడు కాదు. అంతకు ముందు లేదన్న ప్రతి మనిషినీ పేరు పేరునా తలుచుకుని, అప్పుడు సరిగ్గా విన్నానా అని జన్మంతా తనని తాను నిలదీసుకునేవాడు. ఆయన చేతులు వణికేవి. ఆ చేతులు ఇంకా చాలామందికి కావాలి.

కావలసే వచ్చాయి కూడా. ఆ తరవాత కోనసీమలో ఆయన్ని పిలిచే తీరు మారింది. మగ్గాలు ఆగకముందే కబురు పంపడం మొదలుపెట్టారు. రేవుల్లో పడవవాళ్ళకి వీపు నొక్కి ఊపిరాడించడం నేర్పాడు. రాజోలు వైపు నుంచి, కొత్తపేట వైపు నుంచి గుండె నొప్పి అని పడవ కట్టించుకుని వచ్చేవారు. యముడి బావమరిది అనే పేరు పోలేదు. కాని అనేవాళ్ళు నవ్వడం మానేశారు.

నేను ఆ మరుసటేడు డాక్టరు చదువుకి వెళ్ళాను. పదిమందిలో నిలబడి జవాబులు చెప్పాను. ప్రతిసారీ చేతులు చల్లబడేవి. అయినా చెప్పాను. ఒకసారి "ఉంది" అని అరిచినదాన్ని కదా.

నేను చదువు ముగించుకుని ఇంటికొచ్చిన వేసవిలో మావయ్య పోయాడు. డిస్పెన్సరీలో కుర్చీలో కూర్చుని రోగికి చీటీ రాస్తూ పక్కకి ఒరిగాడు. పట్టపగలు. నేను అదే గదిలో ఉన్నాను. నేల మీదికి దించి, ఆయన నాకు నేర్పినవన్నీ చేశాను. గుద్దాను. ఇంజక్షను చేశాను. ఊపిరాడించాను. స్టెతస్కోపుతో విన్నాను. దాన్ని అవతల పారేసి చెవి ఆనించి విన్నాను. పక్కన రెండో చెవి లేదు. నాకు నేనే "ఇంకోసారి చూడవే" అనుకుని మళ్ళీ విన్నాను. ఏమీ వినబడలేదు.

అది కూడా ఇక్కడ రాయడం అవసరం. మనసు గట్టిగా కోరుకుంటే చెవి దాన్నే వినిపిస్తుందనే పెద్దమనుషులు ఉన్నారు. వెంకన్న నాకు ఏమీ కాడు. ఆ రోజు నేను కోరుకున్నది తొందరగా తల ఊపి ఆ ఇంట్లోంచి బయటపడాలనే. మావయ్య గుండె వినబడాలని మాత్రం ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. వినబడలేదు.

ఆయన పెద్దకర్మకి వెంకన్న వచ్చాడు. బతికాడు, మళ్ళీ నేశాడు, మావయ్య రాసిన మాత్రలు మింగుతూ నెమ్మదిగా నడిచేవాడు. ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. జనం పలచబడ్డాక నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. అన్నేళ్ళలో ఎన్నిసార్లు చూసినా అడగడానికి నోరు రాని మాట, ఆ రోజు అడిగాను. ఆవేళ చాప మీద పడున్నప్పుడు మీకేమైనా తెలిసిందా అని. చెప్పాడు.

నేను వేలితో కొట్టిన సంగతి వాళ్ళావిడ ఆయనకి చెప్పే ఉంటుంది. అందులోంచి ఆయన మనసే ఏదో అల్లుకుని ఉండొచ్చు. అది నాకూ తెలుసు. మట్టి పూడిన గొట్టం సంగతి మాత్రం ఆయనకి తెలియదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళుగా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. లెక్క కుదరడం లేదు. కుదిరిందని అబద్ధమాడను, జరగలేదనీ అనను.

ఆ మరుసటేడు వెంకన్న పోయాడు. అప్పుడు నేను ఊళ్ళో లేను. అరుగు మీద ఆయన నాతో అన్నవే ఆఖరి మాటలు. అంటూ కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

"నేత్తానే ఉన్నానండి. సెయ్యి బరువెక్కిపోతంటే ఇంక లేచిపోదావనుకున్నానండి. ఎవరో అమ్మాయిగారు పక్కన కూకుని సెవొగ్గి ఇంటన్నారండి. అంత సెద్దగా ఇనేవోళ్ళుండగా మజ్జిలో ఆపేత్తే బాగోదని, మొగమాటానికి ఇంకో నాలుగు పోగులేసేనండి."